నీడ వైపు నిలబడ్డవాళ్లు

పొద్దున ప్యాసింజరు కారేపల్లి స్టేషన్‌లో ఆగే వేళకు లాల్‌సింగ్ వచ్చి గంట దాటింది. తండా నుంచి నాలుగు మైళ్లు నడిచి వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. ఆఫీసులో ఎవరి ముందైనా నిలబడాల్సి వస్తుందని భార్య ద్వాలి ఆ రెండూ పట్టుబట్టి చేయించింది. చొక్కా జేబులో నాలుగు మడతల దరఖాస్తు ఉంది. తండా బడిపంతులు బాలకృష్ణ దాన్ని రాసిపెట్టాడు. అన్నీ రాసి, ఒక్క చోటు ఖాళీ వదిలాడు. జతపరచిన రుజువు ఏమిటి అని అడిగే చోటు.

ఆ ఖాళీ నింపడానికి ఇవాళ సాయంత్రం ఐదు గంటల దాకే గడువు.

ఇరవై ఏళ్ల కింద లాల్‌సింగ్ ఈ లైను మీద గ్యాంగులో కాజువల్ కూలీ. ఐదేళ్లు కంకర సర్దాడు, చెక్క స్లీపర్లు మోశాడు, మండుటెండలో పట్టాలు సరిచేశాడు. తరవాత ఒకనాడు పని లేదు పొమ్మన్నారు, పోయాడు. ఇప్పుడు ఇన్నేళ్లకు, అప్పటి కూలీల్లో వయసు దాటనివాళ్లను పర్మనెంటు చేస్తామని నోటీసు అంటించారు. కాజువల్ కార్డు తేవాలట. అది లేకపోతే, పనిచేసినట్టు ఇంకేదైనా గట్టి రుజువు. లాల్‌సింగ్‌కు నలభై రెండు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కట్టెలు లారీలకెత్తి నడుం ఏనాడో చెడింది. పోడు కొట్టుకున్న రెండెకరాల చుట్టూ ఫారెస్టువాళ్లు కందకం తవ్వి మొక్కలు పెట్టారు. చేతికి దొరికే కొమ్మ ఇక ఇదొక్కటే.

కార్డు లేదు. రుజువు ఉందని చెప్పింది ముత్తక్క. స్టేషన్ బయట ముప్పై ఏళ్లుగా టీ కొట్టు నడిపే మనిషి.

"ఆ ఫొటోల సారు యాదికున్నడార నీకు? బొగ్గింజండ్లు నడిచినప్పుడు మెడకు కెమెరా ఏసుకొని వచ్చేటోడు. మదిర దిక్కోడు. ఇప్పటికి గూడ ఏడాదికొక్కపారి వస్తడు. మీరు రైలుకట్ట మీద పని జేస్తుంటే ఎన్ని తీసిండు! ఆయన కాడ ఉండవా నీ మొకాలు?"

ఆయన ఫోన్ నంబరు ముత్తక్క కొట్టులో క్యాలెండరు మీదే ఉంది. బాలకృష్ణ రూపాయి బిళ్లలు వేసి మాట్లాడాడు. కారేపల్లి ఫొటోల ఆల్బం వేరే ఉందనీ, వచ్చేటప్పుడు పట్టుకొస్తాననీ ఆయన చెప్పాడు. తను పనిచేసే బ్యాంకులో సెలవు దొరికింది మాత్రం సరిగ్గా ఈ ఆఖరి రోజుకే.

ఆయన పేరు వెంకటకృష్ణ. యాభై దాటిన మనిషి. నెత్తిన గుడ్డ టోపీ, మెడలో రెండు కెమెరాలు, జేబులో చిన్న నోటుబుక్కు. బండి దిగుతూనే మనుషుల వంక చూడలేదు. ముందుకు పోయి ఇంజను నంబరు చూసి బుక్కులో రాసుకుని, అప్పుడు వెనక్కి తిరిగాడు.

"లాల్‌సింగ్ అంటే నువ్వేనా?"

"నేనే సారు. ఇరవై ఏండ్ల కింద గీ కట్ట మీదనే చూసిండ్రు నన్ను."

"అలాగా," అన్నాడు ఆయన. కళ్లల్లో గుర్తు పట్టిన జాడ ఏదీ కనబడలేదు. నూనె తల, ఉతికిన చొక్కా కాబట్టి పోల్చుకోలేదేమో అనుకున్నాడు లాల్‌సింగ్.

"ఆల్బం తెచ్చిండ్రా సారు?"

"తెచ్చానయ్యా, ఈ సంచిలోనే ఉంది. మధ్యాహ్నం నింపాదిగా కూర్చుని చూద్దాం. కొత్తగూడెం నుంచి జంట ఇంజన్ల గూడ్సు బయల్దేరిందట. ఆల్బం ఎక్కడికీ పోదు. వెలుగు పోతుంది."

సంచి లాల్‌సింగ్ చేతికిచ్చాడు. లాల్‌సింగ్ దాన్ని భుజాన వేసుకున్నాడు. స్లీపర్లు మోసిన భుజానికి ఆ బరువు ఒక లెక్క కాదు. కానీ నడుస్తున్నంతసేపు ఆల్బం అంచు పక్కటెముకకు తగులుతూనే ఉంది.

మంచి వంపు చూపించమన్నాడు సారు. స్టేషన్ దాటాక, ఇల్లందు పోయే పాయ లైను విడిపోయే చోటు దాటి, లాల్‌సింగ్ ఆయన్ని కట్ట వెంట మైలు దూరం తీసుకుపోయాడు. అక్కడ లైను అడవి వైపు నుంచి కొడవలిలా వంగి వస్తుంది. డిసెంబరు ఎండ పలచగా ఉంది. మంచు విడిచి మోదుగాకులు మెరుస్తున్నాయి. సారు కట్ట దిగి అటు నడిచాడు, ఇటు నడిచాడు, ఒక కన్ను మూసి చూశాడు, ముళ్లకంప రెండు కొమ్మలు విరిపించాడు. చివరికి సూర్యుణ్ణి వీపున పెట్టుకుని ఒక చోట పాతుకుపోయినట్టు నిలబడ్డాడు.

"ఎండ ఎప్పుడూ మన వెనకుండాలి లాల్‌సింగ్. అప్పుడే ఇంజను మొహం కళకళలాడుతుంది. అటు నీడ వైపు నిలబడి తీస్తే ఏముంది, నల్లటి గోడ."

లాల్‌సింగ్ తలూపాడు. గంటసేపు ఇద్దరూ ఎదురు చూశారు. లాల్‌సింగ్ మాట్లాడే మనిషి కాదు, సారు ఊరుకునే మనిషి కాదు. ఏ షెడ్డు ఇంజనుకు ఏ రంగో, ఏది ఎంత బరువు లాగుతుందో, చివరి బొగ్గింజను ఈ దారిన ఏ తారీకున పోయిందో చెబుతూనే ఉన్నాడు. లాల్‌సింగ్ మధ్య మధ్య "అవ్ సారు" అంటున్నాడు. మనసంతా సంచి మీదుంది. జిప్పు లాగితే చాలు, చూసుకోవచ్చు. సారు అటు తిరిగి ఉన్నప్పుడు రెండుసార్లు చెయ్యి జిప్పు దాకా పోయింది కూడా. పెద్దమనిషి సంచి, తెరిస్తే ఏం బాగుంటుందని మానుకున్నాడు. అసలు సంగతి అది కాదని అతనికీ తెలుసు. తెరవనంతసేపూ లోపల తన ముఖం ఉంది.

కట్ట పక్కన సిగ్నల్ తీగ కప్పీల మీద కిర్రుమంటూ జరిగింది.

"వస్తుంది సారు. ఇంకో పావుగంట."

"నీకెలా తెలుసు?"

"తీగె గుంజిండ్రు, సిగ్నల్ ఇచ్చినట్టే."

సరిగ్గా బండి వంపు తిరిగే వేళకు తల మీద కట్టెలమోపుతో ఒక ఆడమనిషి అవతలి వైపు నుంచి పట్టాలు దాటబోయింది. లాల్‌సింగ్ తండా మనిషే, కమ్లి.

"అమ్మా, ఆగు ఆగు! అడ్డం రాకు!" అని సారు గావుకేక పెట్టాడు.

"ఏంది సారు, నేనొస్తే నీ రైలు మైలబడతదా?"

"అక్కడే ఉండు కమ్లీ, జర ఆగు," అన్నాడు లాల్‌సింగ్.

"ఓహో, నువ్వు గూడ సారు తరఫేనా? ఎంతిస్తుండు కూలి?" అంటూనే ఆమె మోపుతో సహా వెనక్కి జరిగింది.

రెండు ఇంజన్లూ బొగ్గు పెట్టెలను ఈడ్చుకుంటూ భూమి అదరగొట్టి పోయాయి. కెమెరా టకటకా కొట్టుకుంది. యాభై దాటిన ఆ మనిషి ముఖం పసిపిల్లవాడి ముఖమైంది. "వచ్చింది లాల్‌సింగ్, వచ్చింది! మనిషి పురుగు లేకుండా శుభ్రంగా వచ్చింది!"

కమ్లి పట్టాలు దాటుతూ, "నన్ను పురుగన్నడా ఈయన?" అని అడిగింది. లాల్‌సింగ్ సంచి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

తిరిగి నడుస్తుండగా సారుకు అప్పటికి తోచింది. "అవునూ, అసలు నీ కార్డు ఏమైంది? ఐదేళ్లు పనిచేశానన్నావు. కార్డు ఇచ్చి ఉంటారు కదా?"

"ఇచ్చిండ్రు సారు. కాల్చుకున్నం."

"కాల్చుకున్నారా?"

చెప్పక తప్పలేదు. లాల్‌సింగ్ ఆగి ఆగి చెప్పాడు. అప్పట్లో గ్యాంగుకు పెద్ద, మేటు, పిచ్చయ్య. అందరి గుడిసెలూ కురిసేవే. వానకు తడుస్తాయని పద్నాలుగు మంది కార్డులూ పిచ్చయ్య తన రేకు డబ్బాలో పెట్టుకునేవాడు. ఆ డబ్బా చంకన లేకుండా ఆయన ఏనాడూ పనికి రాలేదు. హాజరు, ఈల, ఆకువక్కలు, అన్నీ అందులోనే. పని పోయిన మరుసటేడే పిచ్చయ్య పోయాడు. గ్యాంగంతా చేరి పాడె మోసింది. చితి పేర్చాక ఆయన పెళ్లాం డబ్బా తెచ్చి, ఇది లేకుండ మీ మేటు ఎటూ పోయెటోడు కాదు అని ఏడ్చింది.

"పోయినోడికి ఇష్టమైంది ఎంబడి పెడతం గద సారు. తలకాడ పెట్టినం. నేనే పెట్టిన."

"తెరిచి చూడలేదా?"

"ఎందుకు సారు? కార్డులున్నయని ఎరికే. పనే లేనప్పుడు కాయితాలతోని ఏం పని అనుకున్నం. మాలో చదువొచ్చినోడు ఒక్కడు లేడు. రేకు టపటప పేలుతుంటే మేటు ఈలేస్తుండని నవ్వినం గూడ."

పొద్దుటి నుంచి ఆయన మాట్లాడకుండా నడిచింది ఆ తరవాతి ఫర్లాంగు దూరమే.

ముత్తక్క కొట్టుకు చేరేసరికి పన్నెండున్నర. బల్ల మీద గిన్నెలు పక్కకు నెట్టి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచింది ఆమె. సారు ఆల్బం తీసి పెట్టాడు. నల్లటి అట్టలు, ఒక్కో అట్టకు నాలుగు ఫొటోలు, కింద తెల్ల సిరాతో నంబరు, తారీకు. అన్నీ నలుపు తెలుపులే.

లాల్‌సింగ్ చేతులు చొక్కాకు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు.

మొదటి అట్ట. నీళ్లు పట్టుకుంటున్న బొగ్గింజను. రెండో అట్ట. పొగ కక్కుతూ ఇల్లందు పాయ ఎక్కుతున్న గూడ్సు. మూడు, నాలుగు. ఇంజను, ఇంజను, ఇంజను. ఒకదాంట్లో డ్రైవరు చెయ్యి కనబడింది. ఒకదాంట్లో కట్ట మీద వరసగా పడుకోబెట్టిన గడ్డపారలు, పారలు, పక్కనే మూట కట్టిన సద్దిగిన్నెలు.

"గిది మా సద్దే!" అన్నాడు లాల్‌సింగ్. పొద్దుటి నుంచి అతని గొంతు అంత పెద్దగా లేవలేదు. "గా పెద్ద గిన్నె మా గ్యాంగు దేవ్లాది. గీ గడ్డపార నాదే. ఇక్కడనే ఉన్నం సారు మేం. ఇది తీసినప్పుడు ఇక్కడనే ఉన్నం."

"మరి మీరేరీ?" ముత్తక్క వంగి చూసింది.

లాల్‌సింగ్ ఫొటో మీద వేలు పెట్టి, ఇంజను దాకా జరిపి, ఆపాడు.

"అవతల."

గ్యాంగు పద్ధతి అది. బండి వస్తే మేటు ఈల వేస్తాడు. ఈల పడగానే సామాను కట్ట మీద పెట్టి అందరూ ఒకే పక్కకు దిగాలి, అటు కొందరు ఇటు కొందరు ఉండకూడదు. ఏ పక్క అనేది మేటు ఇష్టం. పిచ్చయ్య ఎప్పుడూ నీడ వైపే దించేవాడు. బండి పోయినంతసేపైనా మనుషులకు నీడ దొరుకుతుందని. పొద్దంతా ఎండలో మాడే కూలీలకు పెట్టె నీడ రెండు నిమిషాలు పడినా అదే పదివేలు. పిచ్చయ్యను అందుకే దేవుడనేవాళ్లు.

సారేమో ఎప్పుడూ ఎండ వైపు.

ఆల్బంలో గ్యాంగు పనిచేసే చోట తీసినవి తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ మనుషులకూ కెమెరాకూ మధ్య రైలు అడ్డంగా ఉంది.

"బండి రాకముందు తీసినవి లేవా సారు? మేం పని జేస్తుంటే మీరు చూసుకుంట నిలబడేటోళ్లు."

సారు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ రోజుల్లో రీలు ఖరీదయ్యా. ముప్పై ఆరు వచ్చేవి. బండి లేకుండా ఒక్కటి కొట్టినా దండగ అనిపించేది. మీరు లైను మీద నుంచి దిగేదాకా ఆగి, అప్పుడు..."

లాల్‌సింగ్‌కు జ్ఞాపకం వచ్చింది. కాస్త అటు జరగండయ్యా అని సారు చెయ్యి ఊపితే, ఫొటోలో మంచిగా రావాలని తన జోడీ కూలీ జంపయ్య, తనూ మిగతావాళ్లను తోసుకుంటూ దిగిపోయేవాళ్లు. ఫొటో తీసింది తమనే అనుకునేవాళ్లు. అలాంటి ఒక సాయంత్రం తండాకు పోయి ద్వాలితో చెప్పాడు కూడా, మమ్మల్ని పోటో తీసిండ్రని.

అట్టలు వెనక్కి తిప్పుతున్న ముత్తక్క ఒక చోట ఆగింది. "ఇగో, ఇటు చూడుండ్రి. గీ చక్రాల నడుమ ఏంది?"

పొద్దుటెండ చక్రాల సందుల్లోంచి దూరి అవతలి నేల మీద పడింది. ఆ వెలుగు మరకల్లో పాదాలున్నాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. సారు సంచిలోంచి భూతద్దం తీశాడు. పెట్టి చూసి, "ఇరవై ఏళ్లలో వందసార్లు చూసుంటాను ఈ ఫొటో," అన్నాడు.

లాల్‌సింగ్ భూతద్దం తీసుకున్నాడు. మొదటి జత కాళ్లకు బూట్లు. "మేటు." పక్కన వట్టి కాళ్లు. "దేవ్లా. వీడు చెప్పులే తొడగడు." తరవాత రెండు జతల చక్రాల వెనక ఏమీ లేదు. ఆ చివర మళ్లీ రెండు జతలు, రెండింటికీ టైరు చెప్పులు. ఒక జత ముందుకు, ఎండ మరకలో వేళ్లతో సహా తేటగా ఉంది. రెండోది అడుగు వెనక, సగం చక్రం చాటున, మసక.

"గీ ఇద్దరు జంపయ్య, నేను. మేం ఎప్పుడు ఒక్కకాడనే నిలబడేటోళ్లం. ఒక్క పట్టకారుతోనే పట్టా ఎత్తెటోళ్లం గద."

జంపయ్య పోయి ఐదేళ్లు. జామాయిల్ లోడు మీది నుంచి పడ్డాడు.

"ఇందులో నువ్వేది?" అంది ముత్తక్క.

లాల్‌సింగ్ చూశాడు. మళ్లీ చూశాడు. భూతద్దం దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు. "తెలుస్తలేదక్కా."

"నీ కాళ్లు నీకు తెలువకపోతే ఇంకెవరికి తెలుస్తయిరా?"

"ఇద్దరం ఒక్క సంతలనే కొన్నం చెప్పులు."

సారు ఆ ఫొటోను అట్ట మూలల నుంచి జాగ్రత్తగా విడదీశాడు. వెనక పెన్నుతో ఇంజను నంబరు, తారీకు, పొద్దున తొమ్మిదీ పది అని వేళతో సహా రాశాడు. ఏదీ వెతుక్కోలేదు, అన్నీ నోటికి ఉన్నాయి. కింద సంతకం పెట్టాడు.

"సారు," అన్నాడు లాల్‌సింగ్. అడగడం అతనికి చేతకాదు. అడిగాడు. "ఆ దినం లాల్‌సింగ్ అనేటోన్ని పని జేస్తుంటే చూసిన అని ఒక్క ముక్క రాయుండ్రి సారు. మీరు బ్యాంకోళ్లు. మీ సంతకం అంటే నమ్ముతరు."

వెంకటకృష్ణ పెన్ను బల్ల మీద పెట్టాడు. లాల్‌సింగ్ ముఖంలోకి చూశాడు. బహుశా ఆ రోజంతటిలో మొదటిసారి సరిగ్గా చూశాడు. నుదురు, కళ్లు, గడ్డం కింది మచ్చ, అన్నీ వెతికాడు.

"గుర్తు రావడం లేదయ్యా," అన్నాడు. "ఆ రోజు పొగ ఎటు వీచిందో చెప్పగలను. ఇంజను బఫరుకి ఎడం పక్క చొట్ట ఉంది, అదీ చెప్పగలను. మీరెవరూ నాకు గుర్తు లేరు. గుర్తున్నట్టు సంతకం పెడితే, రేపు పిలిచి అడిగితే ఏం చెప్పను? ఆ ఒక్కటీ అడక్కు."

లాల్‌సింగ్ తలూపాడు. ఆయన మీద కోపం రాలేదు. గుర్తు లేని మనిషి గుర్తు లేదన్నాడు, అంతే కదా.

పోయే ముందు సారు అతన్ని కొట్టు ముందు, ఎండలో నిలబెట్టి ఫొటో తీశాడు. "ముఖం చక్కగా పడింది. ప్రింటు వేయించి పంపిస్తాను," అన్నాడు. ఆ ముఖం ఎవరికి కావాలో ఇద్దరిలో ఎవరూ అనలేదు. మూడున్నర బండికి ఆయన ఎక్కాడు. ఎక్కే ముందు ఇంజను దాకా నడిచి నంబరు రాసుకున్నాడు.

సెక్షన్ ఆఫీసు గూడ్సు షెడ్డు వెనక, రేకుల గది. కిటికీ అవతల హేమలత కూర్చుంది. పక్క తండా పిల్లే, చదువుకుని గుమాస్తా అయింది. దరఖాస్తు తీసుకుని చదివింది.

"కార్డేది కాకా?"

"లేదు బిడ్డా."

"మరి రుజువు?"

ఫొటో ఇచ్చాడు. ఆమె చూసి, వెనక తిప్పి చదివి, మళ్లీ ముందుకు తిప్పింది.

"ఇది ఇంజను గదా కాకా."

"కింద జూడు. చక్రాల నడుమ."

ఆమె లేచి ట్యూబులైటు కిందికి పోయి చూసింది. పక్క బల్ల మీది ముసలి గుమాస్తా కూడా మెడ చాపాడు. "ఏందమ్మా అది? కాళ్లా?" అని పకపకా నవ్వాడు. "మొకాలు పట్టుకొచ్చినోళ్లకే దిక్కు లేదు. ఈయన కాళ్లు పట్టుకొచ్చిండు!"

హేమలత నవ్వలేదు. కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన తండా మాటలో చెప్పింది. ఇది నడవదని చెప్పింది. తాను తీసుకుంటుంది, పైకి పంపుతుంది, పైన ఒక్క చూపు చూసి పక్కన పడేస్తారు. ఆశ పెట్టడం తనకు ఇష్టం లేదు. ఆశ పెట్టి పంపితే రేపు తండాలో తననే అంటారు.

"పంపు బిడ్డా," అన్నాడు లాల్‌సింగ్ తెలుగులోనే.

"అయితే ఇందుల నీవి ఏవో చూపియ్యాలె. ఎవరియో తెలువకుండ రుజువెట్లయితది? గుర్తు పెట్టి పక్కకు పేరు రాస్త."

ఆమె ఎర్ర పెన్ను మూత తీసి పట్టుకుంది. లాల్‌సింగ్ ఫొటో మీదికి వంగాడు. భూతద్దం సారుతో పోయింది. వట్టి కంటికి అవి పాదాలని కూడా తెలియడం లేదు. వెనక లైనులో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. జల్దీ కానియ్యమని ఒకడు దగ్గాడు. ముందున్న జత కనీసం కనబడుతోంది. కనబడేదే నయమనుకున్నాడు. వేలు పెట్టాడు.

"గివి."

ఆమె గుండ్రంగా ఎర్ర సున్న చుట్టి, అంచు మీద లాల్‌సింగ్ అని రాసి, దరఖాస్తుకు పిన్ను కొట్టింది. ఎత్తయిన కట్ట ఒకటి ఉంది బల్ల మీద. దాని మీద పెట్టింది.

బయటికి వచ్చేసరికి ఐదుకు పావు తక్కువ. ఆఫీసుకూ ముత్తక్క కొట్టుకూ మధ్య గూడ్సు లైను. గేటు లేని దారి. ఖాళీ బొగ్గు పెట్టెల బండి ఒకటి కొత్తగూడెం వైపు పోతోంది. బడి విడిచిన ఆడపిల్లలు, సైకిలు మీద పాలక్యాన్ల మనిషి, మోపెడ్ పట్టుకుని ఒక ముసలాయన, అందరూ లైను పక్కన ఆగి నిలబడ్డారు. లాల్‌సింగ్ వాళ్ల పక్కన నిలబడ్డాడు.

ఇంజను దగ్గరికి వచ్చింది. లాల్‌సింగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఎవరూ వెయ్యలేదు. ఆడపిల్లలు పెట్టెలు లెక్కపెడుతూ ముందుకే వంగారు. అతనొక్కడే వెనక్కి వేశాడు. వేసి, తన కాళ్ల వంక చూసుకున్నాడు.

పనిలో చేరిన మొదటి నెలలో బొగ్గింజను ఆవిరి విడిస్తే మోకాళ్ల కింద చర్మం పొంగింది. ఆ తరవాత ఏ ఇంజను వచ్చినా ఒక అడుగు వెనక్కే నిలబడేవాడు. కావాలని వేసే అడుగు కాదు, కాలు తనంతట తాను వేసేది. జంపయ్య వెక్కిరించేవాడు, ఏందిరా పెండ్లికూతురు లెక్క ఎనకకు జరుగుతవ్ అని. వాడేమో ఇంజను గాలికి తలగుడ్డ ఎగిరిపోతున్నా అంగుళం జరిగేవాడు కాదు.

ముందున్నది జంపయ్య. వెనక, చక్రం చాటున, మసకగా ఉన్నది తను.

పెట్టెలు ఒకటొకటిగా దాటిపోతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ ఇంకా తెరిచే ఉంది. పోవచ్చు. పోయి, బిడ్డా అవి కావు, గివి అనవచ్చు. ఆ ముసలి గుమాస్తా మళ్లీ పకపకా నవ్వుతాడు. హేమలత ఇంకో సున్న చుడుతుంది. ఒక మనిషికి రెండు సున్నలు. ముందు చెప్పింది అబద్ధమైనప్పుడు తరవాత చెప్పింది నిజమని ఎవడు నమ్ముతాడు? నమ్మినా, సగం చక్రం చాటు కాళ్లకు ఎవడు ఉద్యోగమిస్తాడు?

బండి చివరి పెట్టె దాటిపోయింది. ఆడపిల్లలు, సైకిలు, మోపెడ్ లైను దాటారు. లాల్‌సింగ్ అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఆఫీసు కిటికీ రెక్కలు మూసి లోపల గడియ వేసిన చప్పుడు వినబడింది. అప్పుడు లైను దాటాడు.

ముత్తక్క అడగకముందే టీ పోసింది. "ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"కాళ్లు దొరికినయా మరి? ఏవి నీయి?"

లాల్‌సింగ్ రెండు గుక్కలు తాగాడు. "జంపయ్యయి సూపెట్టొచ్చిన."

ముత్తక్క చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఏందిరా గది? వాడు పోయి ఐదేండ్లాయె గద."

"అవ్," అన్నాడు లాల్‌సింగ్. "వాడికైతే వయసు దాటుతదన్న రంది గూడ లేదు."

గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించి, నాలుగు మైళ్లు నడవడానికి లేచాడు.